రోడ్డు సైకిలుకు సుఖమైన సీటు: కడప రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గేర్ల గురించి, టైర్ల గురించి నలుగురిలో అడుగుతారు. కూర్చునే చోటి నొప్పి గురించి మాత్రం పక్కకి పిలిచి మెల్లగా అడుగుతారు. ఒంటిమిట్ట రోడ్డులో టీ కొట్ల దగ్గరా, ఇంటికొచ్చాక ఫోన్లలోనూ అలా వచ్చిన ప్రశ్నలివి. వంపు తిరిగిన డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిలును దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. తిన్నటి హ్యాండిల్ ఉండే హైబ్రిడ్ సైకిలు వాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి.

కూర్చుంటే నొప్పిగా ఉంది. వెంటనే సీటు మార్చేయాలా?

తొందరపడొద్దు. ముందు ఆ నొప్పి ఏ రకమో తేల్చుకోండి.

పిరుదుల అడుగున చేత్తో తడిమితే రెండు గట్టి ఎముకలు తగులుతాయి. నొప్పి సరిగ్గా వాటి మీదే ఉందా? మీరు కొత్తగా తొక్కడం మొదలుపెట్టారా, లేక చాలా నెలల తర్వాత మళ్ళీ సైకిలెక్కారా? అయితే అది చాలావరకు అలవాటు లేని నొప్పే. రోజు మార్చి రోజు తక్కువ దూరాలు తొక్కుతూ మెల్లగా పెంచుకుంటూ పోతే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే సీటు వెడల్పు మీద అనుమానపడాలి.

తొడల లోపలివైపు, గజ్జల్లో చర్మం మండుతుంటే అది ఒరిపిడి. నిక్కరో, చెమటో, సీటు ఎత్తో, సీటు ముక్కు (ముందుకు సాగిన సన్నటి భాగం) మరీ లావుగా ఉండటమో దానికి కారణం.

మూడోది తిమ్మిరి. కాళ్ళ మధ్య మెత్తటి భాగం మొద్దుబారిపోవడం, దిగాక కూడా కాసేపు స్పర్శ తెలియకపోవడం. దీనికి అలవాటు పడటం అంటూ ఉండదు, పడకూడదు కూడా. అక్కడ ఉండే నరమూ రక్తనాళాలూ నొక్కుకుపోతున్నాయని శరీరం చెబుతోంది.

నా సలహా ఏమిటంటే ముందు ఉన్న సీటునే సరైన ఎత్తులో, సరైన వాలులో బిగించండి. తర్వాత మంచి నిక్కరు కొనండి. సీటు మీద డబ్బు పెట్టేది ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట జెల్ కవరు, ఆ తర్వాత కొత్త సీటు, అదీ నచ్చక ఇంకో సీటు. ఎత్తు మాత్రం షాపులో బిగించి ఇచ్చిందే, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

మెత్తగా ఉంటే సుఖం కదా? ప్రొఫెషనల్ రైడర్ల సీట్లు అంత గట్టిగా ఎందుకుంటాయి?

వేలితో నొక్కి చూసి సీటు కొనేవాళ్ళందరికీ ఈ సందేహం వస్తుంది. మెత్తటి సీటు మీద మొదటి పది నిమిషాలు నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ తర్వాత రెండు ఎముకలూ స్పాంజిలోకి దిగిపోతాయి. అవి దిగినకొద్దీ మధ్యలో ఉన్న స్పాంజి పైకి ఉబికి, బరువు మోయకూడని చోట ఒత్తుతుంది. మెత్తని సీటు మీదే తిమ్మిరి ఎక్కువగా రావడానికి కారణం ఇదే. పైగా మెత్తటిదాని మీద ప్రతి పెడలుకూ శరీరం అటూ ఇటూ కదులుతుంది, ఒరిపిడి పెరుగుతుంది, చెమట ఆరదు.

గట్టి సీటు ఎముకల్ని పైనే నిలబెడుతుంది. అయితే గట్టిదైతే చాలనుకోకండి. మీ ఎముకల వెడల్పుకు సరిపోని గట్టి సీటు కూడా అంతే బాధ పెడుతుంది. చెప్పుల్లో సైజు చూసుకున్నాకే కదా మెత్తదనం చూసేది, సీటుకూ అదే వరుస.

కూరగాయలకో, పిల్లల్ని బడి దగ్గర దింపడానికో వెళ్ళే మామూలు సైకిలు సంగతి వేరు. దాని మీద నడుము నిటారుగా ఉంటుంది, బరువంతా పిరుదుల మీదే పడుతుంది. అందుకే పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకి వెడల్పాటి స్ప్రింగు సీటు పెట్టారు. అక్కడ అది సరైనదే. అదే సీటు తెచ్చి రోడ్డు సైకిలుకు బిగిస్తే తొడలు దానికి రాసుకుంటాయి.

జెల్ కవరు వేసుకుంటే?

ఐదారు కిలోమీటర్లకైతే వేసుకోండి. అంతకు మించితే పైన చెప్పిన ఇబ్బందులన్నీ దీనికీ వర్తిస్తాయి. ఇది సీటు మీద పక్కలకి జారుతుంది కూడా. ఎండలో సైకిలు నిలిపి వచ్చి మళ్ళీ కూర్చుంటే ఎలా ఉంటుందో మన ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు.

నా సీటు ఎంత వెడల్పు ఉండాలి? ఇంట్లో కొలుచుకోవచ్చా?

నిక్షేపంగా కొలుచుకోవచ్చు. పెద్ద ఊళ్ళలో బైక్ ఫిట్ (ఒంటి కొలతలకి సైకిలును సర్దడం) చేసేవాళ్ళు మెషీన్ మీద కూర్చోబెట్టి చూపించేదీ దాదాపు ఇదే.

టీవీయో ఫ్యానో వచ్చిన పెట్టెలోంచి అలలు అలలుగా ఉండే అట్టముక్క ఒకటి కోసుకోండి. దాన్ని గట్టి చదును మీద పెట్టాలి. సోఫా, పరుపు పనికిరావు. మన దగ్గర ఆ సమస్య లేదు, ఇంటి ముందు నాపరాయి అరుగు ఉంటే అంతకన్నా మంచి చోటు దొరకదు. పల్చటి నిక్కరుతో ఆ అట్ట మీద కూర్చోండి. మోకాళ్ళు తుంటి కన్నా కాస్త పైకి వచ్చేలా పాదాల కింద ఇటుకలు పెట్టుకోండి. హ్యాండిల్ పట్టుకున్నట్టుగా ముందుకు వంగి, చేతులతో అరుగును పైకి లాగుతున్నట్టు పట్టి, అర నిమిషం బరువు వేయండి.

లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. సరిగ్గా కనిపించకపోతే సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్దండి, గుంట ఉన్నచోట సుద్ద అంటదు. ఒక గుంట మధ్య నుంచి ఇంకో గుంట మధ్యకు స్కేలుతో కొలవండి. రెండు మూడు సార్లు చేసి, దగ్గర దగ్గరగా వచ్చిన అంకె తీసుకోండి. చాలామందికి 100 నుంచి 150 మి.మీ. మధ్యలో వస్తుంది.

దానికి 20 నుంచి 25 మి.మీ. కలపండి. ఎముకల మధ్య దూరం 115 వస్తే మీకు 135 నుంచి 140 మి.మీ. దాకా వెడల్పున్న సీటు కావాలి. కంపెనీలు అన్ని అంకెల్లోనూ చేయవు. ఉదాహరణకు స్పెషలైజ్డ్ కంపెనీ చాలా మోడళ్ళను 143, 155 మి.మీ. సైజుల్లో అమ్ముతుంది. మీ లెక్కకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. రెండింటికీ మధ్యలో పడితే, బాగా వంగి వేగంగా తొక్కేవాళ్ళకి సన్నది, కాస్త నిటారుగా తొక్కేవాళ్ళకి వెడల్పుది. వంగినకొద్దీ బరువు ఎముకల ముందు భాగం మీదకు వస్తుంది, అక్కడ రెండు ఎముకలూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. కారణం అంతే.

సీటు వెనక భాగం అంచుల మీద గుండ్రంగా కిందికి వంగి ఉంటే, పేపరు మీద 143 అని ఉన్నా కూర్చోవడానికి దొరికే వెడల్పు తక్కువే. ఫొటో చూసి కొనేవాళ్ళు ఇది గమనించరు.

నేను కాస్త లావు. వెడల్పు సీటే తీసుకోవాలా?

అక్కర్లేదు. బరువు పెరిగితే కండ, కొవ్వు పెరుగుతాయి గానీ ఎముకల మధ్య దూరం పెరగదు. బక్కగా ఉన్నవాళ్ళకి 140, భారీగా ఉన్నవాళ్ళకి 110 రావడం కూడా మామూలే. అట్ట మీద వచ్చిన అంకెనే నమ్మండి. బరువు ఎక్కువున్నవాళ్ళు స్పాంజి కాస్త గట్టిగా ఉన్నదీ, సీటు అడుగున ఉండే కడ్డీలు ఉక్కువీ చూసుకుంటే చాలు.

సీటు ఎత్తు ఎంత ఉండాలి? కాళ్ళు నేలకి ఆనాలి కదా?

ఆనక్కర్లేదు. కడపలో చూసే రోడ్డు సైకిళ్ళలో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే. చిన్నప్పుడు నేర్చుకున్న అలవాటు కొద్దీ, సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేల మీద పెట్టగలిగేంత కిందికి దించేసుకుంటారు. అప్పుడు పెడలు కిందికి వెళ్ళినా మోకాలు పూర్తిగా చాచుకోదు. కాళ్ళు మోయాల్సిన బరువు కూడా సీటు మీదే పడుతుంది. అరగంటకే పిరుదులు నొప్పి పుడితే తిట్లు మాత్రం సీటుకు తగులుతాయి.

సులువైన పద్ధతి ఇది. గోడ పక్కన సైకిలు పెట్టి, రోజూ తొక్కే బూట్లతోనే ఎక్కి కూర్చోండి. ఒక పెడలును అడుగుకి తిప్పి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి, తుంటి పక్కకి వాలకూడదు. తర్వాత పాదం ముందు భాగం పెడలు మీదకి తెస్తే మోకాలు దగ్గర చిన్న వంపు వస్తుంది. అది సుమారు 25 నుంచి 35 డిగ్రీలు ఉంటే బాగుంటుంది.

లెక్క కావాలనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకాన్ని గట్టిగా పైకి నెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. ఆ అంకెను 0.883తో గుణించండి. 80 సెం.మీ. వస్తే 70.6 సెం.మీ. అవుతుంది. క్రాంకు (పెడలు బిగించి ఉండే చేయి) ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా, సీటు పోస్టు (సీటును మోసే గొట్టం) వెంబడి కొలిస్తే అంత ఉండాలి. టూర్ ద ఫ్రాన్స్‌ను 1986, 1989, 1990లలో గెలిచిన అమెరికన్ రైడర్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. మొదలుపెట్టడానికి ఇది మంచి అంకె, అంతకు మించి దాన్ని వేదవాక్కు చేయొద్దు.

మోకాలు ముందు వైపు నొప్పి వస్తుంటే సీటు బహుశా కిందికి ఉంది. మోకాలు వెనక లాగుతుంటే, లేదా వెనక వచ్చేవాళ్ళకి మీ నడుము అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపిస్తుంటే పైకి ఉంది. ఊగుతుంటే ఒరిపిడి తప్పదు. సరిచేసేటప్పుడు ఒకేసారి రెండు మూడు మి.మీ. కన్నా ఎక్కువ కదపకండి. మరి సిగ్నల్ దగ్గర ఎలా ఆగాలంటే, సీటు మీంచి ముందుకు దిగి ఒక కాలు కింద పెట్టాలి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

సీటు సమానంగా ఉండాలా, ముక్కు కిందికి ఉండాలా?

సమానంగా మొదలుపెట్టండి. సీటు మీద ఒక గట్టి అట్ట పుస్తకం పొడవునా పెట్టి, దాని మీద మేస్త్రీ వాడే రసమట్టం పెట్టండి. ఫోన్లో రసమట్టం యాప్ ఉన్నా సరే. సైకిలు మాత్రం చదునైన నేల మీద నిలబడి ఉండాలి, లేకపోతే ఈ కొలతంతా వృథా.

మధ్యలో ఒత్తిడి అనిపిస్తే ముక్కును ఒక డిగ్రీ, మహా అయితే రెండు మూడు డిగ్రీలు దించండి. అంతకు మించి దించితే ముందుకు జారిపోతుంటారు, ఆ జారుడును ఆపడానికి చేతులతో తోస్తుంటారు. కాసేపటికి అరచేతులు తిమ్మిరెక్కి, మెడ పట్టేస్తుంది. అలాంటివాళ్ళు వచ్చి గ్లవ్స్ ఏవి మంచివని అడుగుతారు! ముక్కు పైకి ఉండటం మాత్రం రోడ్డు సైకిలుకు దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

ముందుకు, వెనక్కి జరపడం ఎలా?

క్రాంకును నేలకి సమాంతరంగా పెట్టి కూర్చోండి. ముందున్న కాలి మోకాలి చిప్ప కింద నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయమని ఎవరికైనా చెప్పండి. దారం పెడలు ఇరుసు మీదుగా పడేలా సీటు జరపాలి. ఇది కూడా మొదటి అంచనా మాత్రమే. సీటును ముందుకి జరిపితే పెడలుకు దూరం తగ్గి ఎత్తు తగ్గినట్టవుతుంది, వెనక్కి జరిపితే పెరుగుతుంది. కాబట్టి జరిపాక ఎత్తు మళ్ళీ చూసుకోవాలి.

ఎప్పుడూ సీటు ముక్కు మీదకే వచ్చి కూర్చుంటున్నారంటే హ్యాండిల్ మీకు దూరంగా ఉందని అర్థం. బేరం కుదిరిందని పెద్ద ఫ్రేము సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఇది మామూలు. పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిలుకు కలిపే ముక్క) వేసి చూడండి. సీటును బాగా ముందుకి లాగి సర్దడం సరైన వైద్యం కాదు.

తిమ్మిరి వస్తోంది. మధ్యలో గాడి ఉన్న సీటు తీసుకుంటే పోతుందా?

చాలామందికి బాగా తగ్గుతుంది. ఆ మధ్య భాగంలోనే ప్యుడెండల్ నరమూ, దాని వెంట రక్తనాళాలూ వెళ్తాయి. గాడి గానీ రంధ్రం గానీ ఉంటే వాటి మీద బరువు తగ్గుతుంది. ఈ ఆలోచన పాతదే అయినా, 1990ల చివర్లో స్పెషలైజ్డ్ కంపెనీ డాక్టర్ రోజర్ మిన్‌కావ్‌తో కలిసి గాడి సీట్లు తెచ్చాక మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి. అయితే కొందరికి రంధ్రం అంచులే గుచ్చుకుంటాయి. అలాంటివాళ్ళకి రంధ్రం కన్నా లోతైన గాడి నయం.

కానీ గాడి ఉన్నా సీటు సన్నదైతే ఎముకలు సీటు అంచులకి జారి, మళ్ళీ బరువు మధ్యలోకే వస్తుంది. వెడల్పు ముందు, గాడి తర్వాత. ఎంత మంచి సీటైనా పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడి కొద్ది సేపు తొక్కండి. స్పీడ్ బ్రేకర్లు ఆ పని గుర్తుచేస్తూనే ఉంటాయి.

దిగిన తర్వాత కూడా చాలాసేపు స్పర్శ రాకపోయినా, మూత్రానికి వెళ్ళేటప్పుడు తేడా అనిపించినా, మగవాళ్ళకి స్తంభనలో ఇబ్బంది ఉన్నా సైకిలు ఆపి యూరాలజిస్టును కలవండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పొట్టి ముక్కు సీట్లు, అసలు ముక్కే లేని సీట్లు వస్తున్నాయి. మంచివేనా?

పాత తరహా రోడ్డు సీటు పొడవు 270 నుంచి 280 మి.మీ. ఉంటే, పొట్టివి 240–250 దగ్గర ఉంటాయి. స్పెషలైజ్డ్ పవర్ మోడల్ వచ్చిన 2015 తర్వాత ఇవి బాగా వాడుకలోకి వచ్చాయి. బాగా వంగి తొక్కేవాళ్ళకి నేను మొదట చెప్పేవి ఇవే. వంగినప్పుడు ముందు భాగంలో ఒత్తే ముక్కు ఉండదు. దీని మీద కూర్చునే చోటు దాదాపు ఒక్కటే, ముందుకీ వెనక్కీ జరుగుతూ తొక్కే అలవాటున్నవాళ్ళకి నచ్చదు.

ముక్కు లేనివాటిని అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సైకిలు మీద గస్తీ తిరిగే పోలీసులకి సిఫారసు చేసింది. తిమ్మిరి విషయంలో అవి పని చేస్తాయి. కాకపోతే తొడలతో సైకిలును అదుపు చేసే ఆసరా తగ్గుతుంది, బరువు చేతుల మీదకి వస్తుంది. దిగుడులో వేగంగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను.

ఆడవాళ్ళకి వేరే సీటు కావాలా?

సగటున ఆడవాళ్ళ కటి ఎముకలు కాస్త వెడల్పు కాబట్టి 155 మి.మీ., ఆ పైన సైజులు ఎక్కువగా అవసరమవుతాయి. కానీ సగటు వేరు, మీరు వేరు. ఇక్కడా అట్ట పరీక్షే ప్రమాణం. ఆడవాళ్ళ సీటు అని పేరు పెట్టి గులాబీ రంగు పూసి, మెత్తగా వెడల్పుగా చేసి అమ్మేవి ఉంటాయి, వాటి జోలికి వెళ్ళొద్దు. ముందు భాగంలో నొప్పి, వాపు, చర్మం కోసుకుపోవడం ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పే ఇబ్బంది. దానికి పొట్టి ముక్కు, పొడవాటి వెడల్పు రంధ్రం లేదా ఆ చోట మరీ మెత్తటి పదార్థం ఉన్న సీటు వెతకండి. మగవాళ్ళ కోసం చేసిన సీటు సరిపోతే అదే వాడుకోండి, అలా వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ అంచులు సైకిలు నిక్కరు ప్యాడ్ మీద ఒరుసుకుని పుండు చేస్తాయి. మెన్‌స్ట్రువల్ కప్ అలవాటున్నవాళ్ళకి ఆ ఇబ్బంది ఉండదు.

సల్వారు, జీన్స్ రెండింటికీ కాళ్ళ మధ్య లావు కుట్టు ఉంటుంది. దూరం వెళ్ళే రోజున లోపల ప్యాడ్ నిక్కరు, పైన వదులుగా ఉండే కుర్తా వేసుకుంటే ఊళ్ళో చూపుల బెడద కూడా తగ్గుతుంది.

ప్యాడ్ ఉన్న నిక్కరు తప్పనిసరా? లోపల డ్రాయరు వేసుకోవాలా?

ఇరవై కిలోమీటర్లు దాటే రైడ్లకి తప్పనిసరి అనే చెప్తాను. డ్రాయరు మాత్రం వేసుకోకూడదు. దాని కుట్లు, ఎలాస్టిక్కు, తడిసిన నూలు బట్ట, అన్నీ కలిసి ఒరిపిడి పుట్టిస్తాయి. ప్యాడ్ నిక్కరు నేరుగా ఒంటి మీద వేసుకోవడానికే కుడతారు. బిగుతుగా ఉండాలి, ముడత పడకూడదు. ప్యాడ్ మందం చూసి మోసపోకండి. పల్చగా ఉన్నా సాంద్రత ఉన్న ప్యాడే దూరాలకి నిలుస్తుంది.

భుజాల మీదుగా పట్టీలుండే బిబ్ నిక్కరు నడుము దగ్గర నొక్కదు, ప్యాడ్ కదలదు. ఖరీదు ఎక్కువే కానీ సీటు మీద పెట్టే డబ్బులో సగం ఇటు మళ్ళించమంటాను. ఆ బిగుతు బట్టలతో కారం దోశ కొట్టు ముందు నిలబడటానికి మొహమాటంగా ఉంటే, జేబులో పట్టే పల్చటి నిక్కరు ఒకటి తీసుకెళ్ళి పైన వేసుకోండి.

ఒకసారి వేసుకున్నది ఉతకకుండా రెండోసారి వేసుకోవద్దు. తిరగేసి ఉతికి, తిరగేసే ఆరేయండి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వద్దు, ప్యాడ్ చెమట పీల్చడం తగ్గిపోతుంది.

వేసవిలో సెగగడ్డలు లేస్తున్నాయి. ఒంట్లో వేడి వల్లేనా?

పెద్దవాళ్ళు వేడి చేసిందంటారు, మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగమంటారు. తాగండి, ఎండలో తొక్కేవాళ్ళకి నీళ్ళు పోవడం మంచిదే. కానీ సీటు దగ్గర వచ్చే గడ్డకి కారణం అక్కడే ఉంది. చెమటకి తడిసి మెత్తబడిన చర్మం ఒరుసుకుంటుంది, వెంట్రుక కుదుళ్ళు దెబ్బతింటాయి, బాక్టీరియా అందులో చేరుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఇది మామూలు సమస్య.

ఐదింటికే బయలుదేరి ఎండ ముదరకముందే ఇంటికి చేరండి. చేరిన వెంటనే, ఫోను చూసుకునే ముందే, తడి నిక్కరు విప్పి స్నానం చేయండి. కబుర్లు చెప్పుకుంటూ గంటసేపు అదే నిక్కరుతో కూర్చోవడం వల్లే సగం గడ్డలు. దూరం వెళ్ళేటప్పుడు ఒరుసుకునే చోట షమీ క్రీమ్ (ఒరిపిడి తగ్గించే క్రీము) రాసుకోవచ్చు. కొబ్బరినూనె కొంతవరకు పనిచేస్తుంది కానీ ప్యాడ్‌కి పట్టి వదలదు. అక్కడ రేజరుతో గీసుకోవద్దు, వెంట్రుకలు లోపలికి తిరిగి పెరిగి గడ్డలు ఎక్కువవుతాయి.

గడ్డ లేస్తే చిదమొద్దు. రెండు మూడు రోజులు సైకిలు ఆపండి. గడ్డ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నవాళ్ళైతే మొదటి రోజే డాక్టరుకి చూపించండి.

మామూలు రోడ్డులో బాగానే ఉంటుంది, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం నరకం. ఎందుకు?

రోడ్డు ఎక్కుతుంటే సైకిలు మొత్తం వెనక్కి వాలుతుంది, దాంతో సీటు ముక్కు పైకి లేస్తుంది. 6 శాతం ఎక్కుడు అంటే సుమారు మూడున్నర డిగ్రీలు. చదునుగా ఉండే రాజంపేట రోడ్డు మీద ఒకటి రెండు డిగ్రీలు పైకి ఉన్న ముక్కు మీకు తెలియకపోవచ్చు, ఘాట్‌లో అది ఐదు డిగ్రీలవుతుంది. పైగా ఎక్కుడులో వేగం తగ్గి, ఒకే చోట కూర్చుని గట్టిగా తొక్కుతుంటాం, లేవడం మర్చిపోతాం.

ఘాట్ ఎక్కువగా ఎక్కేవాళ్ళు ముక్కును ఒక డిగ్రీ దించి ఉంచుకోవడం మంచిది. ఎక్కేటప్పుడు సీటు వెనక భాగానికి జరిగి కూర్చోండి, మలుపుల్లో లేచి నిలబడండి. రాయచోటి లారీలు వెనక ఉన్నప్పుడు మాత్రం ఆ విన్యాసాలు వద్దు, నిలబడితే సైకిలు పక్కకి ఊగుతుంది. దిగేటప్పుడు రెండు పెడళ్ళూ సమాంతరంగా పెట్టి సీటు మీంచి కొద్దిగా లేచి ఉండండి. పాలకోవా పైన ఊళ్ళో ఆగి తినొచ్చు.

కంకర తేలిన రోడ్ల మీద ఏ సీటైనా కొడుతోంది కదా?

అక్కడ సీటు కన్నా టైరును చూడండి. చాలామంది సన్న టైర్లలో 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టించేస్తారు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 70 నుంచి 80 పీఎస్ఐ చాలు. ఫ్రేములో చోటుంటే 25 తీసేసి 28గానీ 32గానీ వేయించండి. ఆ తేడా మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది. టైరు పక్కన రాసి ఉన్న హద్దుల్లోనే ఉండాలి, మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు నొక్కుకుని పంక్చరవుతుంది.

బ్రూక్స్ లాంటి తోలు సీట్లు మన ఎండకి నిలుస్తాయా?

నిలుస్తాయి, కానీ చాకిరీ ఉంది. ఇంగ్లండ్ కంపెనీ బ్రూక్స్ తోలు సీట్లు పందొమ్మిదో శతాబ్దం నుంచీ చేస్తోంది. వాళ్ళ బీ17 సుమారు 175 మి.మీ. వెడల్పు, బరువు అర కిలో పైనే. స్పాంజి ఉండదు, బిగించి కట్టిన తోలు ఊయలలా వేలాడుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాక మీ ఎముకల చోట గుంటలు పడి మీ ఒంటికే కుట్టినట్టవుతుంది. అప్పటిదాకా ఓర్చుకోవాలి.

హ్యాండిల్ సీటుతో సమానమైన ఎత్తులో ఉండి, తాపీగా దూరాలు తొక్కేవాళ్ళకి దీన్ని మించింది లేదని నా నమ్మకం. బాగా వంగి తొక్కే రేసు సైకిలుకు వెడల్పు ఎక్కువ. మనకి వాన భయం తక్కువ, ఎండ భయమే ఎక్కువ. తోలు ఎండి పగుళ్ళు రాకుండా కంపెనీ ఇచ్చే మైనం అప్పుడప్పుడు పల్చగా పట్టించాలి, ఎండలో నిలపకూడదు, నూనెలు పోయకూడదు. నూనె తోలును సాగదీసేస్తుంది.

కార్బన్ కడ్డీల సీటు సుఖంగా ఉంటుందా?

తేలిగ్గా ఉంటుంది. సుఖం ఆకారంలో ఉంటుంది, కడ్డీలో కాదు. ఉక్కు కడ్డీలు 7 మి.మీ. గుండ్రంగా ఉంటాయి, కార్బన్‌వి చాలావరకు 7×9 కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మీ సీటు పోస్టు క్లాంపు (కడ్డీలను పట్టుకునే బిగింపు) వాటికి సరిపోతుందో లేదో చూడకుండా కొంటే చిక్కు. బలవంతంగా బిగిస్తే విరుగుతాయి.

ఒక పక్కే నొప్పి, ఒక పక్కే పుండు. ఎందుకలా?

ముందు సీటు ముక్కు ఫ్రేము పై గొట్టానికి తిన్నగా ఉందో లేదో పై నుంచి చూడండి. తర్వాత సీటు ఒక వైపు కుంగిందేమో చూడండి. రెండూ బాగుంటే మీరే పక్కకి కూర్చుంటున్నారు. సీటు ఎత్తు ఎక్కువైనా, రెండు కాళ్ళ పొడవులో తేడా ఉన్నా, క్లీట్లు (బూటును పెడలుకు పట్టించే బిళ్ళలు) వంకరగా బిగించినా అలా జరుగుతుంది. దీనికి మాత్రం మంచి బైక్ ఫిట్టర్ దగ్గరికి వెళ్ళడమే మేలు.

200 కిలోమీటర్ల బ్రెవేకి వెళ్తున్నా. కొత్త సీటు వేసుకోనా?

వద్దు. బ్రెవే అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు రైడ్. ఇందులో 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 600కి 40 గంటలు గడువు. అన్ని గంటలు కొత్త సీటు మీద, కొత్త నిక్కరుతో కూర్చోవడం సాహసం కూడా కాదు. కనీసం ఒక నెల ముందు వేసుకుని, నూరు కిలోమీటర్ల రైడ్లు చేసి చూసుకోండి.

ఆన్‌లైన్లో కొనాలి. నచ్చకపోతే?

కొనే ముందే వాపసు నియమం చదవండి. బిగించిన సీటు వెనక్కి తీసుకునేవాళ్ళు తక్కువ. అందుకే ముందు తోటి రైడర్లని అడగండి, చాలామంది ఇళ్ళల్లో నచ్చక విప్పేసిన సీటు ఒకటి మూలన పడి ఉంటుంది. అడిగి తెచ్చుకుని వారం తొక్కి చూడండి. సెకండ్ హ్యాండ్ సీటు కొనడంలో తప్పులేదు, కడ్డీలు వంగలేదని, అడుగున ప్లాస్టిక్కు పగల్లేదని చూసుకుంటే చాలు.

సీటు కిర్రుమంటోంది. పోయినట్టేనా?

ఎక్కువసార్లు కాదు. క్లాంపు విప్పి దుమ్ము తుడిచి, ఉక్కు కడ్డీలు పట్టుకునే చోట కొంచెం గ్రీజు పూసి, పోస్టు మీద రాసి ఉన్న టార్క్‌కి (బిగింపు బలం) బిగించండి. కార్బన్ పోస్టుకి గ్రీజు వద్దు, దానికి వేరే పేస్టు ఉంటుంది. అప్పటికీ కిర్రుమంటుంటే, లేదా ఒక వైపు కుంగిపోయి ఉంటే, స్పాంజి నొక్కితే మళ్ళీ లేవకపోతే అప్పుడు మార్చండి.

సైకిలు బస్సులోనో రైల్లోనో తీసుకెళ్ళేటప్పుడు సీటు తీసేయాల్సి వస్తుంది. మళ్ళీ అదే కొలతకి ఎలా?

తీసే ముందు పోస్టు ఫ్రేములోకి దిగే చోట కరెంటు పనికి వాడే టేపు ఒక చుట్టు చుట్టండి. సీటును క్లాంపు నుంచి విప్పొద్దు, పోస్టుతో సహా బయటికి లాగేయండి, వాలు చెడదు. క్రాంకు ఇరుసు నుంచి సీటు పైదాకా ఉన్న కొలత, సీటు ముక్కు నుంచి హ్యాండిల్ దాకా ఉన్న కొలత ఫోన్లో రాసి పెట్టుకోండి. టేపు ఊడిపోయినా ఆ రెండు అంకెలతో పది నిమిషాల్లో బిగించుకోవచ్చు.